ఇనుము పట్టు వదిలేదాకా

ఉదయం 11:42కి ఎంబ్రాయిడరీ వర్క్‌షాపులో ఇద్దరు ఆడవాళ్లు పడిపోయి కనిపించారు. ఒకరు యజమాని భార్య. ఆమె గర్భిణి, ముప్పై ఒకటో వారం. రెండో ఆమె మెషిన్ ఆపరేటరు.

చూసినది యజమానే. బడి యూనిఫారాలకు కుట్టే బ్యాడ్జీల మొదటి కట్ట ఇచ్చి రావడానికి అతను 10:15కి బయటికి వెళ్లాడు. కరెంటు 9:50కి పోయింది. వర్షం పదింటికి మొదలైంది. తిరిగి వచ్చేసరికి షట్టర్ మోకాలి ఎత్తుదాకా దించి ఉంది. లోపల జనరేటర్ నడుస్తోంది. మెషిన్ కుడుతోంది. భార్య కటింగ్ బల్ల పక్కన నేల మీద ఉంది. ఆపరేటరు గోడకి ఆనుకుని కూర్చుని వాంతి చేసుకుంటోంది. అతన్ని చూసి ఆమె ఒక్క మాట అంది.

"మెషిన్ ఆపు బాబూ, దారం తెగుతుంది."

అతను షట్టర్ పైకెత్తాడు. ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్ని బయటికి లాగి పక్కనున్న హార్డ్‌వేర్ షాపు చూరు కింద పడుకోబెట్టాడు. ఆ షాపాయన తన వ్యాన్ తీశాడు. మెషిన్ ఎవరూ ఆపలేదు. 11:56కి క్లినిక్ చేరారు. అక్కడి నుంచి అతను భార్య అక్కకు ఫోన్ చేశాడు.

అక్క హైస్కూల్లో కెమిస్ట్రీ టీచరు. ఆ సమయానికి పదో తరగతి బోర్డు మీద సోడియం, క్లోరిన్ బొమ్మలు గీసి, సోడియం బయటి వరసలోని ఒక ఎలక్ట్రాన్ నుంచి క్లోరిన్ వైపు బాణం వేస్తోంది. అటెండరు గుమ్మంలో నిలబడి చెవి దగ్గర చెయ్యి పెట్టి ఫోన్ అని సైగ చేశాడు.

"వదినా, మీ చెల్లి పడిపోయింది. మాట్లాడుతోంది కానీ సరిగ్గా మాట్లాడట్లేదు."

"బిడ్డ కదులుతోందా?"

"తెలీదు వదినా. క్లినిక్‌లో ఉన్నాం, తొందరగా రండి."

ఆమె చాక్‌పీసు చేతిలో ఉండగానే స్కూటర్ తీసింది. మూడు కిలోమీటర్లు. 12:12కి క్లినిక్‌లో ఉంది.

అది రెండు మంచాల క్లినిక్. గోడవైపు మంచం మీద చెల్లెలు, కిటికీవైపు మంచం మీద ఆపరేటరు. ఇద్దరికీ గ్లూకోజు ఎక్కుతోంది. ఇద్దరి వేళ్లకీ క్లిప్పులు. చెల్లెలి క్లిప్పు మీద అంకె 98. ఆపరేటరుది 97. డ్యూటీ డాక్టరు చీటీ మీద రాస్తున్నాడు.

"పొద్దున్న ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తిన్నారట," అన్నాడు. "ఒకేసారి వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం. తిన్నది పడలేదు. ఆవిడకి బీపీ కూడా కొంచెం తగ్గింది. ఆక్సిజన్ తొంభై ఎనిమిది, భేషుగ్గా ఉంది. సీసా అయ్యాక ఇంటికి తీసుకెళ్లొచ్చు."

"పొగ ఏమైనా పీల్చారా అని అడిగారా?"

"అడిగానండీ. లేదన్నారు."

చెల్లెలి భర్త, ఆమె మరిది, గుమ్మం దగ్గరే ఉన్నాడు. "పొగ ఎక్కడుంది వదినా? జనరేటర్ పైపు బయటికే పెట్టించాగా. మీరూ చూశారు."

చూసింది. తొమ్మిది రోజుల క్రితం, ఆదివారం. జనరేటర్ అంతకుముందు సందులో ఉండేది. మేడ మీద అద్దెకున్నవాళ్లు మోత భరించలేం అన్నారు. మరిది దాన్ని వెనక గదిలోకి మార్చి, సైలెన్సర్‌కి ఇనప పైపు బిగించి, గోడకి కన్నం కొట్టించి పైపు కొస బయటికి తీశాడు. అతుకు బిగించడానికి కొన్న క్లాంపు పైపు కన్నా వెడల్పు. ఎంబ్రాయిడరీలో బట్ట ముడతపడకుండా అడుగున వేసే బ్యాకింగ్ గుడ్డ షాపులో బోలెడుంది. అది నాలుగు మడతలు చుట్టి దాని మీద క్లాంపు బిగించాడు. టీచరు ఆ అతుకు చూసింది. "మోత తగ్గింది," అంది. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు ఆమె ఆపరేటరు మంచం దగ్గరికి వెళ్లింది. ఆపరేటరుని అందరూ బాబిన్ పిన్ని అంటారు. పనిలో ఉన్నా లేకపోయినా గుప్పిట్లో ఒక బాబిన్, అదే మెషిన్ అడుగు దారం చుట్టే చిన్న చక్రం, ఉంటుంది. అప్పుడూ ఉంది.

"పిన్నీ, పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పు."

"ఏముందమ్మా, ఆ దారం షాపువాడికి ఫోన్ చేసి పెట్టిన తిట్లకి వాడి చెవులు కందిపోయుంటాయి."

"ఎందుకు?"

"తెల్ల దారమని చెప్పి మాసిన దారం అంటగట్టాడు. బ్యాడ్జీ మీద అక్షరాలు బూడిద రంగులో వస్తుంటే ఏమనుకోవాలి? దారం కోన్ మార్చా. మళ్లీ అంతే. ఇంకోటి మార్చా. మీ చెల్లి వేలితో తుడిచి చూసింది, వేలికి నలుపంటింది. పాత సరుకు అంది. దుమ్ము పట్టిన పాత సరుకు మా మొహాన కొట్టాడని ఇద్దరం కలిసి వాడి వంశం మొత్తం కడిగేశాం."

"ఎప్పట్నుంచి మాసిపోతోంది?"

"కరెంటు పోయాక."

"కరెంటు పోయాకా, జనరేటర్ వేశాకా?"

"రెండూ ఒకటే కదమ్మా."

"షట్టర్ ఎందుకు దించారు?"

"జల్లు కొడుతోంది. తెల్ల బట్ట. చుక్క పడితే మరక."

టీచరు నర్సు వైపు తిరిగింది. "సిస్టర్, ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టండి. ఇప్పుడే."

"తొంభై ఎనిమిది ఉన్న మనిషికి ఆక్సిజన్ పెడితే డాక్టరుగారు నన్ను నమిలేస్తారు," అంది నర్సు, డాక్టరు వింటుండగానే.

"మీరు డాక్టరా అండీ?" అన్నాడు డాక్టరు.

"కెమిస్ట్రీ టీచర్ని. ఆ దారానికి అంటింది జనరేటర్ మసి. ఆ క్లిప్పు రక్తం రంగు చూస్తుంది డాక్టరుగారూ. అంతకుమించి చూడదు. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్రగా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్నదీ ఎర్రగానే ఉంటుంది. దానికి రెండూ ఒకటే. తొంభై ఎనిమిదిలో ఏది ఎంతో అది చెప్పలేదు."

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. మరిది వైపు చూశాడు. "జనరేటర్ ఎక్కడుంది?"

"లోపలండీ. పైపు బయటికి."

"నేనడిగినప్పుడు బయట అన్నారే."

"పైపు బయటే కదండీ."

డాక్టరు నర్సు వైపు తిరిగాడు. "సిస్టర్, సిలిండర్లెన్ని?"

"ఒకటి నిండుగా. ఒకటి సగం."

"నిండుది గర్భిణికి. మాస్కు బిగుతుగా పెట్టండి, గాలి పక్కనుంచి పోకూడదు."

12:21కి రెండు మాస్కులూ పెట్టారు. డాక్టరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి అంబులెన్సు అడిగాడు. ఫోన్ పెట్టేశాక టీచరుతో అన్నాడు: "ఆ డబ్బా సంగతి విన్నాక నాకింకేం తట్టలేదండీ." చీటీ మీద రాసినది కొట్టేసి కింద కొత్తగా రాశాడు.

అంబులెన్సులో టీచరు చెల్లెలి పక్కన కూర్చుంది. చెల్లెలు మాస్కు లోపల్నుంచి ఏదో అంది. టీచరు వంగి విన్నది.

"అక్కా, పదిన్నర నుంచి కదల్లేదు."

పెద్దాసుపత్రిలో రక్తం 1:05కి తీశారు. రిపోర్టు 1:14కి వచ్చింది. చెల్లెలి హిమోగ్లోబిన్‌లో పద్దెనిమిదిన్నర శాతం కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుని ఉంది. బాబిన్ పిన్నికి పదిహేను. అప్పటికే ముప్పావుగంట ఆక్సిజన్ మీద ఉన్నారు కాబట్టి, పడిపోయినప్పుడు అంతకన్నా ఎక్కువే ఉండాలని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. చెల్లెలి పొట్టకి రెండు పట్టీలు కట్టారు. పక్కన మెషిన్‌లోంచి కాగితం వస్తోంది. బిడ్డ గుండె నిమిషానికి 168. గీత తిన్నగా ఉంది.

"తిన్నగా ఉండకూడదు," అంది డాక్టరమ్మ. ఆమె మరిదితోనూ టీచరుతోనూ వరండాలో నిలబడి మాట్లాడింది. "ఎగుడుదిగుడుగా ఉండాలి. బిడ్డకి ఆక్సిజన్ సరిగ్గా అందట్లేదని దాని అర్థం."

"ఆపరేషన్ చేసి తీసెయ్యండి మేడమ్," అన్నాడు మరిది.

"తీస్తే ఏమొస్తుంది? నెలలు నిండని బిడ్డ, ఒంట్లో ఈ గ్యాసుతో బయటికొస్తుంది. లోపలే ఉంటే తల్లి రక్తంలోంచే శుభ్రపడుతుంది. గుండె నూటపది కన్నా కిందికి దిగి అక్కడే ఉండిపోతే మాత్రం తీస్తాను. థియేటర్ సిద్ధంగా ఉంచాను."

"వేరే దారి లేదా?"

"ప్రెషర్ చాంబర్ అని ఒకటుంటుంది, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఎక్కించేది. దగ్గరున్నది ఆరుగంటల ప్రయాణం. వాళ్లతో మాట్లాడాను. దారిలో గుండె పడిపోతే చేసేదేం లేదు, కదిలించొద్దన్నారు."

ఆమె లోపలికి వెళ్లింది. మరిది వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. టీచరు కూర్చోలేదు. తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి కాగితం గీత కనబడుతుంది, అంకె కనబడదు.

"వదినా, అది పట్టుకుని ఉందంటున్నారు. పట్టుకోవడమేంటి? గ్యాసు కదా, ఊపిరి వదిలితే పోవాలిగా?"

"ఊపిరితిత్తుల్లో ఉన్నది పోయింది. రక్తంలో ఉన్నది ఇనుముకి అతుక్కుంది."

"రక్తంలో ఇనుమేంటి?"

"హిమోగ్లోబిన్ అణువు ఒక్కోదాన్లో నాలుగు ఇనుము పరమాణువులుంటాయి. నాలుగు సీట్లనుకోండి. ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది, ఒంట్లో ఎక్కడ అవసరమో అక్కడ దిగిపోతుంది. ఇప్పుడా సీట్లలో ఇది కూర్చుంది. దిగట్లేదు."

"ఎందుకు దిగదు? ఆక్సిజన్‌కి లేని గోరోజనం దీనికేంటి?"

టీచరు బెంచీ మీద కూర్చుంది. ల్యాబు బిల్లు వెనక్కి తిప్పి, మరిది జేబులోని పెన్సిల్ తీసుకుంది. అది బట్ట మీద గీతలు గీసే పెన్సిల్. కాగితం మీద సరిగ్గా పడలేదు. రెండోసారి గట్టిగా గీసింది.

"పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు వరసల్లో ఉంటాయి. బయటి వరసలో ఎనిమిది ఉంటే దానికి నిలకడ. లేకపోతే ఎలాగో ఒకలా ఎనిమిది చేసుకోవాలని చూస్తుంది. ఒక పద్ధతి, ఇచ్చెయ్యడం. సోడియం తన బయటి వరసలోని ఒక్కటీ క్లోరిన్‌కి ఇచ్చేస్తుంది. ఇచ్చింది ప్లస్, పుచ్చుకుంది మైనస్. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అదే ఉప్పు."

"ఊఁ."

"రెండో పద్ధతి, పంచుకోవడం. ఇద్దరూ చెరొక ఎలక్ట్రాన్ మధ్యలో పెడతారు. ఆ జత ఇద్దరిదీ."

మరిది కాగితం వైపు చూశాడు. "లాక్ కుట్టు లాగా. పై దారం కిందికి దిగుతుంది, బాబిన్ దారం దాన్ని పట్టుకుంటుంది. ఏ ఒక్కటి తీసినా కుట్టు లేదు."

"దాదాపు అంతే. నిజానికి అక్కడ దారాలేం లేవు, లెక్క కోసం చెబుతున్నా. ఇప్పుడు చూడండి. కార్బన్ దగ్గర నాలుగు, ఆక్సిజన్ దగ్గర ఆరు. చెరో రెండు మధ్యలో పెట్టారు. ఆక్సిజన్‌కి ఎనిమిది అయ్యాయి. కార్బన్‌కి?"

"నాలుగూ రెండూ... ఆరు."

"ఇంకా రెండు తక్కువ. కార్బన్ తనవి ఇంకా పెడితే ఆక్సిజన్‌కి ఎనిమిది దాటిపోతాయి. అప్పుడు ఆక్సిజనే తన సొంత జతని తెచ్చి మధ్యలో పెడుతుంది. రెండూ దానివే. వాడుకునేది ఇద్దరూ."

"రెండు దారాలూ ఒకవైపు నుంచే. మెషిన్‌లో అలా కుదరదు వదినా."

"పరమాణువుల్లో కుదురుతుంది. దాన్ని సమన్వయ సమయోజనీయ బంధం అంటాం. పేరు వదిలెయ్యండి. కార్బన్‌కి ఇప్పుడు ఎనిమిదయ్యాయి, కానీ దాని రెండోవైపు ఒక జత అలాగే మిగిలిపోయింది. ఎవరికీ పంచనిది. అది ఇనుము దగ్గరికెళ్లి ఆ జతని అక్కడ పెడుతుంది. ఇనుము తీసుకుంటుంది, తన ఎలక్ట్రాన్లు కొన్ని తిరిగి దానివైపు జరుపుతుంది. రెండు వైపుల నుంచీ పట్టు. ఆక్సిజన్ కూడా ఆ ఇనుమునే పట్టుకుంటుంది కానీ వదులుగా. ఆ సీటు కోసం రెండూ పోటీపడితే కార్బన్ మోనాక్సైడ్‌ది రెండువందల రెట్లు పైచెయ్యి."

మరిది కాగితం తన వైపు తిప్పుకున్నాడు.

"అయితే ఇంక వదలదా?"

"వదులుతుంది. ఏ బంధమూ సీలు వేసినట్టుండదు. ఎప్పుడో ఒకప్పుడు రెప్పపాటు ఊడుతుంది. ఆ రెప్పపాటులో పక్కన ఎవరుంటే వాళ్లు సీటెక్కుతారు. మామూలు గాలిలో ఐదోవంతే ఆక్సిజన్. మళ్లీ అదే వచ్చి కూర్చునే వీలుంది. మాస్కులోంచి మొత్తం ఆక్సిజనే పంపిస్తే చుట్టూ కిక్కిరిసి ఆక్సిజనే ఉంటుంది. ఊడినది తిరిగి ఎక్కలేదు. గాలిలో సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో గంటా ఇరవై నిమిషాలు."

"బిడ్డకీ అంతేనా?"

ఆమె పెన్సిల్ తిరిగి ఇచ్చింది.

"కాదు. బిడ్డ ఊపిరి తీసుకోదుగా. ఎక్కాలన్నా దిగాలన్నా తల్లి రక్తంలోంచే. తల్లికి తగ్గుతుంటే అటు నుంచి మెల్లగా వస్తుంది. ఆలస్యంగా ఎక్కింది, ఆలస్యంగా దిగుతుంది. తల్లికి బాగయ్యాక కూడా బిడ్డకి ఉంటుంది."

"ఆ గుడ్డ చుట్టింది నేనే వదినా."

"అతుకు చూసి ఊరుకుంది నేను."

2:41కి లోపల మెషిన్ మోగింది. టీచరు లేచింది. అద్దంలోంచి కాగితం మీద గీత కిందికి వంగడం కనబడింది. నర్సు చెల్లెల్ని ఎడమవైపుకి తిప్పింది. డాక్టరమ్మ పక్క గదిలోంచి నడిచి వచ్చింది, పరిగెత్తలేదు. ఇంకో నర్సు కాగితాలతో బయటికొచ్చింది.

"తొంభై ఆరు. ఇక్కడ సంతకం పెట్టండి. ఇక్కడా."

మరిది పెన్ను పట్టుకున్నాడు. మొదటి చోట పెట్టాడు. రెండో చోట తారీఖు అడిగారు. "ఇవాళ ఎంత వదినా?" అన్నాడు. టీచరుకి గుర్తు రాలేదు. నర్సే చెప్పింది. స్ట్రెచర్ తలుపు దాకా తెచ్చారు.

కాగితం మీద రాసిన ప్రకారం గుండె వేగం డెబ్బై సెకన్లు 96 దగ్గర ఉంది. తర్వాత 104. తర్వాత 121. 2:43కి 152. డాక్టరమ్మ చెయ్యి పైకెత్తింది. స్ట్రెచర్ ఆగింది.

"ఆగుదాం," అంది.

స్ట్రెచర్‌ని వెనక్కి తీసుకెళ్లలేదు. గోడ పక్కనే ఉంచారు.

మూడింటికి తీసిన రక్తంలో చెల్లెలికి ఏడు శాతం. తలనొప్పి తగ్గింది. మాట తేటపడింది. టీచరుని పది నిమిషాలు లోపలికి రానిచ్చారు. బాబిన్ పిన్నిని పక్క వార్డుకి మార్చారు. వెళ్తూ వెళ్తూ దారం షాపువాడికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలని మూడుసార్లు అడిగిందట, ఎవరూ ఫోన్ ఇవ్వలేదు.

"అక్కా, నాకు బాగానే ఉంది. ఇది తీసెయ్యమను. మొహమంతా చెమట."

"తియ్యరు."

"నాలుగొందల బ్యాడ్జీలు రేపు ఇవ్వాలి. నువ్వొచ్చి కుడతావా?"

"కుడతా. నీ పిన్ని నన్ను మెషిన్ దగ్గరికి రానిస్తే."

"నీ కుట్టు చూస్తే బడి మూసేస్తారు." చెల్లెలు నవ్వబోయి ఆగింది. చెయ్యి పొట్ట మీద ఉంది. "అక్కా, నిజం చెప్పు. నాకు తగ్గిందంటున్నారు. వీడికి కూడా తగ్గుతోందా?"

"నీకు తగ్గితేనే తనకి తగ్గుతుంది. కొంచెం వెనకగా."

"ఎంత వెనకగా?"

"గంటలు. నీ రక్తం బాగుపడ్డాక కూడా మాస్కు ఇంకా చాలాసేపు ఉంచాలి. నీకు పట్టిన సమయానికి ఐదు రెట్లు."

"అంటే రేపటిదాకా."

"అంతే."

చెల్లెలు మాస్కుని రెండు చేతులతో మొహానికి అదుముకుంది. నర్సు వచ్చి, అంత నొక్కక్కర్లేదమ్మా, ముక్కు వాస్తుంది అంది. ఆమె చేతులు తియ్యలేదు.

"అక్కా, పదిన్నరకి ఒక తన్ను తన్నాడు. గట్టిగా. నేను దారం మారుస్తున్నా. ఆగరా బాబూ, పనిలో ఉన్నా అన్నా."

టీచరు దుప్పటి ఆమె భుజాల దాకా లాగింది.

"అదే ఆఖరు. నేనాగమన్నాననా?"

"నువ్వు చెబితే వినే రకమైతే మన ఇంట్లో పుట్టేవాడు కాదు. పడుకో."

నాలుగింటికి హార్డ్‌వేర్ షాపాయన ఆసుపత్రికి వచ్చాడు. జనరేటర్‌నీ మెషిన్‌నీ తానే ఆపానని చెప్పాడు. సమయం 12:05 కావచ్చన్నాడు, గడియారం చూడలేదట. ముక్కుకి రుమాలు కట్టుకుని, షట్టర్ పూర్తిగా ఎత్తి, ఊపిరి బిగబట్టి వెళ్లాడు. క్లాంపు కింద గుడ్డ కాలి బూడిదైంది. పైపు సైలెన్సర్ నుంచి రెండు వేళ్ల మేర జారి ఉంది. గోడ కన్నంలో పైపు కొస బయటికే ఉంది. ఆపకముందు కూడా దాన్లోంచి పొగ రావడం లేదు. ఆయన ఆ సంగతి మరిదికి చెప్పి, తర్వాత ఒక కవరు తీశాడు. అందులో సరైన కొలత క్లాంపు ఉంది.

"నీకు అవసరమైతే ఉంటుందని," అన్నాడు.

"అవసరం లేదన్నా. జనరేటర్ సందులోకి పోతుంది."

"మేడ మీదవాళ్లు గోల చేస్తారుగా."

"చెయ్యనీ."

5:20కి చెల్లెలి రక్తంలో రెండు శాతం. డాక్టరమ్మ ఆ కాగితం చూసి బల్ల మీద పెట్టి, బిడ్డ కాగితం చేతిలోకి తీసుకుంది. గుండె 156. గీత ఇంకా తిన్నగానే ఉంది, మధ్యాహ్నం అంత కాదు. ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ చిన్న మెట్టు ఉంది," అంది. టీచరుకి ఆ మెట్టు కనబడలేదు. మరిదికి కనబడింది. కుట్టు గీతల్లో లోపం వెతకడం అతని రోజువారీ పని.

"అదేనా మేడమ్?"

"అదే. ఒకటి సరిపోదు."

"బిడ్డ మెదడుకి ఏమైనా..."

"ఇప్పుడు చెప్పలేను. రేపు స్కాన్ చేస్తాం. రెండు వారాలకి ఇంకోటి. పుట్టాక చూస్తాం. ఏమీ కాదని నేను అనను. ఏదో అయిందని కూడా అనను."

మరిది తల ఊపాడు. ఆ రోజు సాయంత్రం అతను ఆ రెండు వాక్యాలనీ ఫోన్‌లో ముగ్గురికి చెప్పాడు, అత్తగారితో సహా, ఒక్క మాట మార్చకుండా.

మాస్కు రాత్రి తియ్యలేదు. సిలిండర్ కాదు, గోడ పైపు నుంచి ఆక్సిజన్ వస్తోంది. టీచరు తెల్లవారి ఏడింటికి బడికి ఫోన్ చేసి సెలవు చెప్పింది. హెడ్‌మాస్టరు చెల్లెలి సంగతి అడిగి, తర్వాత, మీ బోర్డు ఎవరూ తుడవలేదు, పిల్లలు తుడవనివ్వలేదు అన్నాడు. తుడిపించెయ్యండి అంది.

ఎనిమిదింటికి బాబిన్ పిన్నిని ఇంటికి పంపారు. వెళ్లే ముందు చెల్లెలి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రానివ్వలేదు.

"ఎలా ఉన్నావే?"

చెల్లెలు చెయ్యి ఊపింది.

"బ్యాడ్జీల సంగతి మనసులో పెట్టుకోకు. మాసినవన్నీ విప్పి మళ్లీ కుడతా. షట్టర్ ఎత్తి కుడతా, వాన పడితే గొడుగేసుకుని కుడతా." టీచరు వైపు తిరిగింది. "నువ్వు మాత్రం రాకు తల్లీ. నీ కుట్టు సంగతి చెప్పింది మీ చెల్లి."

8:40కి స్కాన్ చేశారు. బిడ్డ గుండె 142. మెదడులో రక్తస్రావం కనబడలేదు. ఇది మొదటి స్కాన్ అనీ, కొన్ని మార్పులు తర్వాతగానీ తెలియవనీ స్కాన్ డాక్టరు రిపోర్టులో రాశాడు. బిడ్డ నిద్రలో ఉందో మేలుకుని ఉందో చెప్పలేమన్నాడు. స్కాన్ జరిగిన పన్నెండు నిమిషాల్లో చెయ్యి గానీ కాలు గానీ కదల్లేదు.

చెల్లెల్ని మళ్లీ మంచం మీదికి తెచ్చి పట్టీలు కట్టారు. డాక్టరమ్మ ఒక గంట లెక్కపెట్టమంది. ఎడమవైపు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కదిలినప్పుడల్లా చెప్పాలి. నర్సు గీత పెడుతుంది. మొదలుపెట్టిన సమయం 9:10.

మరిది మంచం కాళ్లవైపు నిలబడ్డాడు. టీచరు గోడ గడియారం కింద నిలబడింది, గడియారం కనబడకుండా. మొదటి పదిహేను నిమిషాల్లో చెల్లెలు ఏమీ చెప్పలేదు. నర్సు కాగితం మీద ఒక్క గీతా లేదు. 9:25కి నర్సు ఒక గ్లాసు చల్లటి నీళ్లిచ్చింది. తాగడానికి మాస్కు పక్కకి జరిపి మళ్లీ పెట్టారు. మరిది మంచం కమ్మీ పట్టుకుని ఉన్నాడు.

"ఏమండీ, కమ్మీ ఊపకండి. అది మీరో వాడో తెలీట్లేదు."

అతను కమ్మీ వదిలేశాడు.

9:31కి చెల్లెలు వేలెత్తింది.

"ఒకటి."

నర్సు గీత పెట్టింది. 9:38కి రెండు. 9:39కి మూడు. కాగితం మీద గుండె గీత ఒక్కోసారి పైకి లేచి దిగింది. 9:46కి నాలుగు, ఐదు. పది గంటలు దాటాక చెల్లెలు అంకెలు చెప్పడం మానేసి వేలు మాత్రం ఎత్తింది. 10:10కి నర్సు గీతలు లెక్కపెట్టి పక్కన పదకొండు అని రాసింది.

డాక్టరమ్మ వచ్చి కాగితం చదివి, పట్టీ సరిచెయ్యడానికి పొట్ట మీద చెయ్యి పెట్టింది. చెల్లెలు వేలెత్తేలోపే పొట్ట మీది ఆ చెయ్యి కొంచెం పైకి లేచింది.

"రాసుకో సిస్టర్," అంది డాక్టరమ్మ.

నర్సు పన్నెండో గీత పెట్టి, పక్కన సమయం రాసింది. 10:12.